జేబు దులపని కోటు

ముసలాయన యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినందుకు ఆ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. కట్టుకున్న భార్య కూడా సంతోషించలేదు. అది అనుమానం కాదు, ఆయన కళ్ళారా చూసిన సంగతి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాడు. చెప్పకుండానే భార్యను కాటికి సాగనంపాడు కూడా.

ఇప్పుడు కూతురు ఆ సంగతినే సినిమాలో చూపిస్తానని కూర్చుంది. అందుకని ఆయన పొద్దున్నే వీధి తలుపు ఊడదీశాడు.

ఊడదీసి పెరట్లోకి మోసుకెళ్ళి, రెండు దిమ్మల మీద పడుకోబెట్టి, దాని మీద కూర్చున్నాడు. పక్కన స్క్రూడ్రైవరు, చిత్రిక, ఒక డబ్బాలో బందులు, స్క్రూలు. తలుపు కింద రాచుకుంటోందని, చిత్రిక పట్టాలని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ తలుపు చేసింది ఆయనే. ఆయన చేసిన తలుపు రాచుకోదని వీధి మొత్తానికి తెలుసు.

వీధిలో సినిమా వాళ్ళ వ్యాను ఆగి ఉంది. తలుపు లేని ద్వారబంధం గుండా నల్లటి తీగలు ఇంట్లోకి పాకి ఉన్నాయి. సిపాయి వేషం కట్టినవాడు అరుగు మీద కూర్చుని మూడో టీ తాగుతున్నాడు. వాడి పొట్ట బెల్టు మీద నుంచి తొంగి చూస్తోంది. యుద్ధం నుంచి వస్తున్నాడో, విందు భోజనం నుంచి వస్తున్నాడో చూసేవాళ్ళకు తెలియాలి కదా అని ముసలాయన నిన్న కూతురితో అన్నాడు. కూతురు నవ్వింది. నిన్నటి దాకా తండ్రీ కూతుళ్ళ మధ్య నవ్వులు ఉండేవి.

పటాలంలో ఆయన వడ్రంగి. పని చేసేటప్పుడు మేకులు పెదాల మధ్య బిగించుకోవడం అలవాటు. అందుకని పటాలం వాళ్ళు ఆయన్ని 'మేకులు' అని పిలిచేవాళ్ళు. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు, చేతిలో పని లేకపోయినా, నోట్లో రెండు మేకులు పెట్టుకునేవాడు. కూతురు చిన్నప్పుడు ఏదైనా అడగబోతే తల్లి ఆపేది. "మీ నాన్న నోట్లో మేకులున్నాయి. తర్వాత అడుగు" అనేది. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు.

కూతురు పెరట్లోకి వచ్చింది. సినిమా తీస్తున్నది ఆమే. సిపాయిల గురించీ, ఇంటి దగ్గర వాళ్ళ కోసం ఎదురుచూసిన మనుషుల గురించీ సినిమా. యుద్ధం ముక్క ఎక్కడో కొండల్లో తీసుకుని వచ్చారు. ఇంటి ముక్క తన సొంతింట్లోనే తీస్తానంటే తండ్రి సరేనన్నాడు. అన్నీ అయ్యాయి. సిపాయి తిరిగొచ్చి తలుపు తట్టే ఘట్టం ఒక్కటి మిగిలింది. ఈ సాయంత్రంతో వ్యాను వెళ్ళిపోవాలి.

"నాన్నా, తలుపివ్వు."

"పని ఉంది దీనికి."

"సినిమా చూసేవాళ్ళు తలుపేదని అడగరూ?"

"యుద్ధంలో పోయిందని చెప్పు."

ఇంకో రోజైతే కూతురు ఈ మాటకు నవ్వేది. ఇవాళ దిమ్మ పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంది. తల్లి అలవాటే అది. ముసలాయన చూపు తిప్పుకున్నాడు.

ఆ ఘట్టం ఎలా ఉండాలో మొదట చెప్పింది ఆయనే. ఏటా పాత సిపాయిలంతా ఒకచోట కలుస్తారు. అక్కడ ఏటా ఆయన చేత ఆ కథ చెప్పించుకుంటారు. చచ్చిపోయాడని తంతి వచ్చిన మనిషి ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి తలుపు తడతాడు. భార్య తలుపు తీస్తుంది. చేతిలో బిందె జారిపోతుంది. కేక పెట్టి, పరుగెత్తుకొచ్చి గుండెల మీద వాలిపోతుంది. ముసలి సిపాయిలు కళ్ళు తుడుచుకుంటారు. కూతురు ఆ కథ వింటూ పెరిగింది, అదే రాసుకుంది, వేషం కట్టిన అమ్మాయి చేత రెండు రోజులుగా అదే ఆడించింది.

నిన్న సాయంత్రం పక్క వాటాలో ఉండే దర్జీ అత్త వచ్చింది. సినిమాకు బట్టలు కుడుతున్నది ఆవిడే. బిందె జారవిడిచి పరుగెత్తుతున్న అమ్మాయిని కాసేపు చూసి, కూతురితో మెల్లగా ఒక మాట చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాటతో కూతురికి రాత్రి నిద్ర లేదు. పొద్దున లేచి, వేషం కట్టిన అమ్మాయితో, నువ్వు పరుగెత్తొద్దు, అలా నిలబడి చూడు చాలు, అని చెప్పింది. వంటింట్లో ముసలాయన చేతిలోని టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"అత్త చెప్పింది అబద్ధమా?" అంది కూతురు.

ఆయన చిత్రిక తిరగేసి బొటనవేలితో పదును చూశాడు.

"అమ్మ పరుగెత్తలేదంట. కేక పెట్టలేదంట. నీ చేతిలో సంచి కూడా అందుకోలేదంట."

"నేను చెప్పిన కథ నీకు చాల్లేదా?"

"కథ బాగానే ఉంది నాన్నా. మా అమ్మే అందులో లేదు. మా అమ్మ పరుగెత్తగా నేనెప్పుడైనా చూశానా? మీ ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోగా చూశానా? అన్నం పెట్టమని మీ అమ్మతో చెప్పు, అన్నం అయిపోయిందని మీ నాన్నతో చెప్పు. ఇంత ఇంట్లో నేను మీ ఇద్దరికీ టెలిఫోన్ తీగని."

"ఆ ముక్క కూడా పెట్టు సినిమాలో."

"పెడతాను."

"పెట్టు. పెట్టి, ఊళ్ళో బొమ్మ పడ్డ రోజున నన్ను ముందు వరసలో కూర్చోబెట్టు. వీడు బతికొస్తే పెళ్ళాం కూడా సంతోషించలేదంటండీ అని నాతో పనిచేసిన వాళ్ళంతా చూసి వెళ్తారు."

నోరు జారిందని ఆయనకు తెలిసింది. కూతురికీ తెలిసింది. ఆమె ముఖంలో కోపం ఒక్కసారిగా దిగిపోయి, దాని చోట జాలి వచ్చింది. ఆయనకు అదే గిట్టదు. డబ్బాలోంచి రెండు స్క్రూలు తీసి నోట్లో పెట్టుకున్నాడు. కూతురు ఇంకేమీ అడగలేదు. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మర్యాద అది.

ఆమె వెళ్ళాక ఆయన చిత్రిక తీసి తలుపు అంచు మీద ఒకటి రెండుసార్లు నడిపాడు. చెక్క పొట్టు లేవలేదు. లేవడానికి అక్కడ ఎగుడూ దిగుడూ ఏమీ లేదు.

రెండు వాటాల మధ్య గోడకు ఒక చిన్న తలుపుంది. దర్జీ అత్త అందులోంచి వచ్చింది. సినిమా సిపాయికని కుట్టిన ముతక ఉన్ని కోటు చేతి మీద వేసుకుని ఉంది. మెడలో కొలత టేపు. సూది ఒకటి జాకెట్టుకు గుచ్చి ఉంది.

ఆవిడ భర్త కూడా ముసలాయన పటాలమే. సన్నగా ఉండేవాడు, బక్కోడు అనేవాళ్ళు. ఒక గోడకు అటూ ఇటూ కాపురాలు, ఒకే రోజు ప్రయాణం, ఒకే కందకంలో మకాం. వాడు ఈయన్ని బావా అనేవాడు. అందుకని ఆవిడ ఈయనకు చెల్లెలయింది. ఇద్దరిలో ఒకడే తిరిగొచ్చాడు. ముందు తంతి వచ్చింది మాత్రం తిరిగొచ్చినవాడి పేరు మీద.

కందకం దగ్గర కాపలాకు ఒకే ఒక మంచి కోటు ఉండేది. అది మనిషిది కాదు, కాపలాది. ఎవరు నిలబడితే వాళ్ళు తొడుక్కోవాలి. గుండు పడినప్పుడు కోటు బక్కోడి ఒంటి మీద ఉంది. దాని లోపలి జేబులో ఈయన నంబరు బిళ్ళ ఉంది. మెడలో తాడు చివికి తెగితే, వడ్రంగి బుద్ధి కదా, చిన్న వస్తువేదైనా మేకులతో పాటు జేబులో పడేయడమే. మొహం ఆనవాలు పట్టేలా లేకపోతే పై వాళ్ళు బిళ్ళ చూసి పేరు రాసుకున్నారు. ఈయనేమో మట్టి కింది నుంచి తీయగా, దవడ విరిగి, మాట రాక, ఎక్కడో ఆసుపత్రిలో పేరు లేకుండా పడి ఉన్నాడు. బక్కోడు కనిపించడం లేదన్నారు. అలా ఇక్కడ ఒకావిడ బతికున్న మొగుడి కోసం ఏడ్చింది. పోయినవాడి భార్య ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఓదార్చింది.

దర్జీ అత్త తలుపు రెండో కొసన కూర్చుంది. ఇద్దరి బరువుకూ తలుపు కిర్రుమనలేదు.

"నామీద కోపమా అన్నయ్యా?"

ఆయన స్క్రూలు చేతిలోకి ఉమ్మాడు. "నీకెందుకు చెల్లెమ్మా ఈ వయసులో ఊరి గోల."

"ఆ పిల్ల బిందె పడేసి పరుగెడుతుంటే చూడలేకపోయాను. వదిన అలాంటిది కాదు."

"అవును. అలాంటిది కాదు. రాయి."

ఆవిడ కోటు ఒళ్ళో పెట్టుకుని అంచులు సర్దింది. తర్వాత ముసలాయన వైపు చూడకుండా, గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"నువ్వు తలుపు కొట్టినప్పుడు నేను వదిన వెనకే ఉన్నాను. నా చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. నిన్ను చూడగానే నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ కొరికిన గోళ్ళే గాజు ముక్కల్లా దిగాయి. నువ్వు బతికుంటే పోయిందెవరో నాకంటే ముందు ఆవిడకే తెలిసింది. అప్పుడు నీ మీదికి ఎలా పరుగెడుతుంది? నా చెయ్యి వదిలేసి రావాలి కదా."

ముసలాయన చిత్రిక మీద చెయ్యి వేసి అలాగే ఉన్నాడు.

"ఆ సాయంత్రం స్నానాల గదిలోకి వెళ్ళింది. మా వైపు గోడకు ఆనుకునే కదా అది. నీళ్ళు పోసుకుంటూనే ఉంది. మధ్యలో ఒకటే మాట, నోట్లో గుడ్డ కుక్కుకుని. బతికొచ్చాడు, బతికొచ్చాడు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకు వినపడకూడదని చెంబు చప్పుడు చేస్తోంది. తొట్టిలో నీళ్ళయిపోయాక కూడా, ఉత్త తొట్టిలో చెంబు గీకుతూనే ఉంది. నేను ఇవతల కూర్చుని వింటూనే ఉన్నాను. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నా కోసం సంతోషాన్ని ఇంకెవరు దాచుకుంటారు?"

అది ఆయనకు గుర్తుంది. చెంబు చప్పుడు గుర్తుంది. అంతసేపు ఏం కడుక్కుంటోందా అని బయట నిలబడి పళ్ళు కొరికిన సంగతి గుర్తుంది. తడి జుట్టుతో, ఎర్రబడ్డ కళ్ళతో బయటకొచ్చిన భార్యను చూసి, నేను రావడమే దీనికి ఏడుపయింది అని ఒక్క క్షణంలో తేల్చుకున్నాడు. ఆ క్షణం తేల్చుకున్నదాన్ని మళ్ళీ విప్పి చూడలేదు. బిగించిన చెక్కను విప్పడం ఆయనకు ఎప్పుడూ ఇష్టం ఉండదు.

ఇంకోటి కూడా గుర్తుంది. దాన్ని ఆయన చెల్లెలికి చెప్పలేడు.

తడి జుట్టుతో వచ్చిన భార్యకు ఆయన సంచిలోంచి ఒక దువ్వెన తీసి ఇచ్చాడు. కందకంలో మందుగుండు పెట్టె చెక్కతో చెక్కింది. ఆ రోజు కాపలా వంతు ఆయనది. దువ్వెనకు ఇంకా నాలుగు పళ్ళు మిగిలిపోయాయి. సెలవు మీద ఊరికి వెళ్ళేవాడు ఒకడు సాయంత్రం బయలుదేరుతున్నాడు, వాడి చేత ఇంటికి పంపాలని ఆరాటం. "నువ్వెళ్ళి పళ్ళు చెక్కుకో బావా, అక్క ఎదురుచూస్తుంది. అందాకా నేను నిలబడతా" అన్నాడు బక్కోడు. ఈయన కోటు విప్పి ఇచ్చాడు. వాడు నవ్వుతూ తొడుక్కున్నాడు. ఆఖరి పన్ను చెక్కుతుండగా గుండు పడింది.

ఆ సంగతి ఆయన ఈ లోకంలో ఒక్క మనిషికే చెప్పాడు. ఆ సాయంత్రమే, అక్కడే, తడి జుట్టు ఎదుట. నీ తప్పు కాదు అని ఆమె అంటుందని చెప్పాడు. ఆమె గోడ వైపు చూసి, మెల్లగా, గోడ వింటుంది అంది. దువ్వెన తీసుకుని ఒక గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. చచ్చేదాకా దాన్ని తలకు తాకించలేదు. చచ్చేదాకా ఆ సంగతి పైకి అననూ లేదు. తప్పు నీదే అని ఆమె తేల్చిందని ఆయన అర్థం చేసుకున్నాడు. నోట్లో మేకులు పెట్టుకున్నాడు.

గోడకు అవతల ఉన్న మనిషి నుంచి ఆమె తనను కాపాడుతోందేమోనని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది. తోచి ఏం లాభం. మనిషి లేదు.

వీధిలోంచి కూతురు గొంతు వినిపించింది. వెలుతురు పోతోందట. కెమెరా పట్టుకున్నాయన ఇంకో గంట కూడా ఆగలేనంటున్నాడట.

ముసలాయన లేచి నిలబడబోయాడు. దర్జీ అత్త లేవలేదు. తలుపు మీద ఆవిడ కూర్చుని ఉండగా తలుపు ఎత్తడం కుదరదు.

"ఇంకొక్క మాట అన్నయ్యా. కోటు సంగతి."

"బాగానే కుట్టావు కదా."

"నువ్వు చెప్పినట్టే కుట్టాను. లోపల ఎడమ పక్కన జేబు, దాని మీద మూత. కొలతలిచ్చిన రోజు ఇంకోటి కూడా చెప్పావు. కాపలా ముగించినవాడు కోటు విప్పితే, జేబులు తిరగేసి దులిపి మరీ తర్వాతవాడికి ఇవ్వాలన్నావు. రొట్టె ముక్క మిగిలినా, బీడీ మిగిలినా, తర్వాత గొడవలొస్తాయని. అది పటాలం నియమమన్నావు. నువ్వు నియమం తప్పే మనిషివి కావు."

ఆయన చిత్రికను డబ్బా పక్కన పెట్టాడు.

ఆవిడ కోటు జేబును బయటికి తిరగేసింది. కొత్త గుడ్డ, లోపల ఏమీ లేదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆయనకు చూపించింది.

"రాత్రి ఈ జేబు కుడుతుంటే బుర్రలోకి వచ్చింది. నీ వంతు ముగిసి ఇచ్చి ఉంటే జేబు దులిపేవాడివి. నీ బిళ్ళ నీ దగ్గరే ఉండేది. తంతి నా ఇంటికే వచ్చేది. దులపలేదంటే ముగించలేదు. మళ్ళీ వచ్చి తొడుక్కుందామని ఇచ్చావు." ఆవిడ గొంతు పెరగలేదు. గుండీ ఎక్కడ పెట్టాలని అడిగినట్టే అడిగింది. "ఆ వంతు ఎవరిది అన్నయ్యా?"

జవాబు ఒక్క మాట. నాది. అంతకంటే చిన్న మాట ఆయనకు ఏదీ తెలియదు.

చెప్పొచ్చు. చెప్తే, వదినకు తెలుసా అని ఆవిడ అడుగుతుంది. తెలుసు అనాలి. అంటే, ఒళ్ళో పడుకున్న మనిషి కూడా ఇన్నేళ్ళూ తన దగ్గర దాచిందని ఈవిడకు తెలుస్తుంది. ఉత్త తొట్టిలో చెంబు గీకిన మనిషిని ఈవిడ ఇంకో రకంగా తలుచుకుంటుంది. అది మంచి సాకు. ఆయనకు సాకులు కూడా తలుపుల్లాగే, ఎక్కడా సందు లేకుండా అమరుతాయి.

"నేను తిట్టను," అంది ఆవిడ. "ఇంకా తిట్టే ఓపిక ఎక్కడుంది. మా ఇంటాయన తన వంతులో పోయాడా, ఇంకొకరి వంతులో పోయాడా, అదొక్కటి తెలిస్తే చాలు."

"లే చెల్లెమ్మా. తలుపు బిగించాలి."

ఆవిడ ఇంకాసేపు ఆయన ముఖంలోకి చూసింది. కోటు చేతి మీద వేసుకుని లేచింది. జేబు అలాగే, నాలుకలా బయటికి వేలాడుతోంది.

ముసలాయన తలుపును ఒక్కడే భుజాన ఎత్తుకున్నాడు. అరుగు మీది లావు సిపాయి సాయానికి లేస్తే, టీ తాగమన్నాడు. ద్వారబంధానికి ఆనించి, కింది బందును చోటులో కూర్చోబెట్టాడు. కూతురు వచ్చి రెండో వైపు పట్టుకుంది. ఆయన వద్దనలేదు.

"పరుగెత్తించొద్దు," అన్నాడు. కూతురి వైపు చూడలేదు, బందు చిల్లుల వైపే చూస్తున్నాడు. "నిలబెట్టు. వెనకాల ఒక మనిషిని కూడా నిలబెట్టు. ఇద్దరి చేతులూ కనపడాలి."

కూతురు తలుపు వదలకుండానే తండ్రి వైపు చూసింది. "సరే నాన్నా." "ఆ తర్వాత సిపాయి ఏమంటాడు?"

గడప అవతల దర్జీ అత్త నిలబడి ఉంది. కోటు చేతి మీదే ఉంది. ఆవిడ కూడా వింటోంది.

"ఏమీ అనడు," అన్నాడు ముసలాయన. "ఆ రోజు సంగతి నన్ను ఇక అడగొద్దు. నువ్వు గానీ, ఆవిడ గానీ, ఇంకెవరు గానీ. ఆ కోటు పేరు నా ఎదుట ఎత్తొద్దు. ఇవాళ చెప్పను, రేపూ చెప్పను. నేను పోయేటప్పుడు నోట్లో నీళ్ళు పోస్తూ అడిగినా చెప్పను."

డబ్బాలోంచి స్క్రూలు తీశాడు. కింది బందుకు నాలుగే కావాలి. ఆయన డబ్బాలో ఉన్నవన్నీ తీసి, ఒక్కొక్కటిగా పెదాల మధ్య పెట్టుకుని, నోరు బిగించాడు.